జెండా లేని కొట్టు

"ఫోనెక్కడుందే అమ్మా?" అన్నాడు ఇవాన్, చెప్పులైనా విప్పకుండా.

దయమ్మ లోపలి గది వైపు చూసింది. నైట్ డ్యూటీ చేసొచ్చిన కూతురు కారుణ్య అక్కడ ఒళ్ళు తెలీకుండా నిద్రపోతోంది. ఫోను దాని తలగడ కిందే ఉంది. నాలుగింటికి దాన్ని తీసుకుని పోలీసు ఠాణాకి రమ్మన్నాడు ఎస్సై. అందాకా అందులోది ఎవరికీ పంపొద్దని మరీ మరీ చెప్పాడు.

పొద్దున ఆస్పత్రి నుంచి రాగానే పోర్టు క్వార్టర్స్ బాల్కనీలోంచి కారుణ్య తీసిన వీడియో ఉంది అందులో. ఎదురుగా సందు మొగలోనే పాపయ్య టీ కొట్టు. ముందు ఎర్రజెండా వాళ్ళొచ్చి, కొట్టు వెదురు గుంజకి తమ జెండా కడతామన్నారు. వద్దన్నాడు ముసలాయన. "అయితే నువ్వు అవతలి జెండా వాళ్ళ మనిషివే" అని కొట్టు మీద పడ్డారు. వాళ్ళు పోయాక పాపయ్య షట్టరు లాగే కడ్డీ పట్టుకుని, మిగిలినదానికి కాపలా నిలబడ్డాడు. ఇంతలో కాషాయజెండా వాళ్ళు దిగారు. అదే మాట, అదే జవాబు, అదే తిట్టు. మిగిలింది కాస్తా వీళ్ళు పూర్తి చేశారు.

"కెటిల్ తన్నింది నేనే. వీడియోలో నా మొహం పడిపోయుంటాది" అన్నాడు ఇవాన్.

"పాపయ్య తాత బన్నులు తిని పెరిగినోడివి. కాలెలగొచ్చిందిరా నీకు?"

"తాత మీద కోపం కాదమ్మా. అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉండేవోళ్ళే అసలు ప్రమాదం. నా ముక్కొక్కటీ తీసీస్తాను. అవతలోళ్ళది ఉంటాది కదా, తాతకి న్యాయం జరుగుతాది."

అవతలోళ్ళంటే ఎవరో దయమ్మకి చెప్పాలా? కాషాయజెండా పట్టిన చిన్నకొడుకు ఎరిక్. ఇద్దరూ కుర్చీలెత్తి కొట్టుకున్న రోజున, ఒకడి ఊసు ఇంకొకడి దగ్గర ఎత్తకూడదని మొగుడు జీవానందం ఇంట్లో కట్టుబాటు పెట్టాడు. రెండేళ్ళయింది. కూడు కూడా వేరువేరు వేళల్లోనే. ఇవాన్‌కి ఒంటిగంటకి, ఎరిక్‌కి రెండున్నరకి.

ఇవాన్ పిల్లిలా లోపలికెళ్ళి ఫోను లాగాడు. నిద్రపోతున్న చెల్లెలి బొటనవేలు దాని మీద ఆనించాడు. కారుణ్య కదిలింది.

"అమ్మా... నాలుగయిందా?"

"లేదమ్మా, పడుకో" అంది దయమ్మ. ఆ మాట అన్నందుకు తన నోరు తనకే చేదయింది.

ఇవాన్ తన ముక్క కోసేసి, ఫోను యథాస్థానంలో పెట్టేశాడు. "ఎవరికీ చెప్పనని దేవుడి మీద ఒట్టెయ్యి."

"దేవుడే లేడంటావు కదరా, మరాయన మీద ఒట్టేటి?"

"నీకున్నాడు కదా. వెయ్యి."

వేసింది. వాడు అన్నమైనా ముట్టకుండా పోయాడు.

రెండున్నరకి మళ్ళీ తలుపు చప్పుడు.

"ఫోనెక్కడుందే అమ్మా?"

దయమ్మ వంటింట్లోంచి తొంగి చూస్తే గాని ఏ కొడుకో తెలీలేదు. ఎరిక్ చెమటలు కక్కుతున్నాడు.

"బల్ల బోర్లా తోసింది నేనే. తాత మీద కోపం కాదమ్మా..."

"మధ్యలో ఉండేవోళ్ళే ప్రమాదం. అంతేనా?"

ఎరిక్ తెల్లబోయాడు. "నీకెవరు చెప్పేరు?"

"ఎవరో అన్నార్లే."

"కరెక్టుగా అన్నాడు ఎవడో. నా ముక్క తీసీస్తానమ్మా. అవతలోళ్ళది ఉంటాది కదా."

ఉండదురా నాయనా, అది కూడా పోయింది, అనబోయింది. కట్టుబాటు గొంతుకి అడ్డం పడింది. దానికి తోడు ఇవాన్‌కి వేసిన ఒట్టు. ఆపైన తల్లి మనసు దాని లెక్క అది వేసుకుంది. ఇద్దరివీ పోతే ఇద్దరు కొడుకులూ ఇంట్లోనే ఉంటారు. వీడియోలో ఏటీ లేకపోతే ఎవరికీ ఏటీ అవదు. కొట్టుదేముంది, చర్చి సంఘంవోళ్ళం తలో చెయ్యీ వేసి నిలబెట్టుకుంటాం.

కారుణ్య ఈసారి చెయ్యి దుప్పటి లోపల పెట్టుకుని పడుకుంది. ఎరిక్ ఎటూ పాలుపోక తల్లి వంక చూశాడు. దయమ్మే వంగి, మెల్లగా ఆ చెయ్యి బయటికి తీసింది.

నాలుగయ్యేసరికి కారుణ్య మొహం కడుక్కుని, ఫోను సంచిలో వేసుకుని బయల్దేరింది. "తాతకి న్యాయం జరిపించే వస్తానమ్మా" అంటూ మెట్లు దిగింది. దయమ్మ కూతురి మొహంలోకి చూడలేకపోయింది. తలుపేసుకుని మోకాళ్ళూనింది.

"తప్పు చేసేను ప్రభువా, క్షమించు. పిల్లల కోసం చేసేను. నా ఇద్దరు కొడుకుల్నీ ఒక్కసారి ఒక్కచోట పక్కపక్కన చూపించు. ఇంకేటీ అడగను."

ఆరింటికి కారుణ్య తిరిగొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏటయిందే?"

"వీడియోలో నలభై సెకన్లే మిగిలిందమ్మా. అందులో ఎర్రోళ్ళు లేరు, కాషాయపోళ్ళు లేరు. ఇరిగిపోయిన కొట్టు ముందర కడ్డీ పట్టుకుని తాతొక్కడే ఉన్నాడు. నేను చూసేనన్నా ఎవరూ వినలేదు. దారినపోయేవోళ్ళని కడ్డీతో కొట్టేడని కాయితం రాసి, తాతనే లోపలేసేరు."

"ఓలమ్మో! ఆ ముసలోడి మీద సాక్ష్యం చెప్పే పాపిష్టోళ్ళెవరే?"

కారుణ్య గోడకి చేరగిలబడింది.

"ఆ కాయితం కింద పెద్దన్నయ్య సంతకం పెట్టేడమ్మా. దాని పక్కనే చిన్నన్నయ్య పెట్టేడు."