యాపిల్ మొక్కకు చోటు

అమెరికాలో పడమటి నేలలకు వలసపోయే బండి ఒకటి గుట్ట ఎక్కలేక ఆగిపోయింది; దాన్ని లాగే ఎద్దు కూలబడింది. యజమానురాలు ముందు ఇనప పొయ్యి దింపేసింది, తర్వాత నిలువుటద్దం. ఒక్క యాపిల్ మొక్కను మాత్రం ఉంచుకుని, తన వంతు నీళ్ళు దాని మొదట్లో పోసింది.

కలుగులోంచి నేల ఉడత తల బయటపెట్టింది. "ఎద్దు మామా, ఆ మొక్క కూడా పారేస్తే నీకింకా తేలిక కదా!"

"నోర్ముయ్! తన గొంతు ఎండగట్టుకుని దాన్ని బతికిస్తోంది. అది చూశాక ఇలా కూలబడి ఉండటానికి నాకు మనసొప్పడం లేదు," అంటూ ఎద్దు లేచి నిలబడింది.

ఉడతకు నిజంగానే ముచ్చటేసింది. "మహాతల్లి! ఇంతకీ ఎక్కడ నాటుతుందట?"

"ఖాళీ నేల ఎక్కడ కనిపిస్తే అక్కడ."

"మామా, పైనుంచి చూస్తే ఈ నేల కింది మా ఊరు కూడా ఖాళీగానే కనిపిస్తుంది."

ఎద్దు ఎత్తిన కాలు దించబోయి, మొదటిసారి కిందికి చూసింది.