కోత ఆగిన చేను

2025 ఫిబ్రవరి 12, బుధవారం ఉదయం. స్థలం: రొంపిచెర్ల శివారున ఒక మిరప చేని గట్టు. హాజరైనవారు: కోత ముఠా మేస్త్రి శేషారత్నం, ఆమె ముఠాలోని ఆడవాళ్ళు, స్త్రీలపై హింసను, పేదరికాన్ని రూపుమాపేందుకు వెలసిన ఒక అంతర్జాతీయ సంస్థలో జిల్లా అధికారిణి అపర్ణ. చేను యజమాని అంకారావు ఇంకా రాలేదు.

కాయ పండి ఎర్రబారినా ఎవరూ చేలోకి దిగలేదు. అంకారావు తన భార్యను కొట్టాడు. భార్యను కొట్టినవాడి చేలో కోతకు దిగకపోవడం ఆ ముఠా కట్టుబాటు. ఒక ముఠా మానుకున్న చేలోకి మరో ముఠా రాదు.

"ఆమె సంగతి మీ ఆఫీసోళ్ళు ఏమన్నారమ్మా?" అని శేషారత్నం అడిగింది.

అపర్ణ దాచకుండా చెప్పింది. హింస విభాగం సానుభూతి తెలిపి, ముఖం కనబడని ఫోటోతో ఒక విజయగాథ పంపమంది. బాధితురాలికి ఆశ్రయమిచ్చే నిధులు పేదరికం విభాగంలో ఉన్నాయి. భూమి ఉన్న ఇల్లు కనుక ఆమె పేదరాలు కాదని ఆ విభాగం తేల్చేసింది.

"దెబ్బలక్కూడా రేషన్ కార్డు చూపించాలా ఏంది?" అంది కూలీల్లో ఒకతె, ప్రేమకుమారి. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక, మన కూలి కూడా పోతోంది కదా అని ఆమే గొణిగింది. పోతే పోనిమ్మంది శేషారత్నం.

అంకారావు బండి దిగుతూనే మండిపడ్డాడు. గురజాల నుంచి కూలీలను తెచ్చుకుంటానన్నాడు. అక్కడికీ, ముప్పాళ్ళకూ కబురు ముందే వెళ్ళిందని శేషారత్నం చెప్పింది. అతను అపర్ణ సంచి మీది సంస్థ గుర్తును చూశాడు.

"ఊరూరా తిరిగి నేర్పేది ఇదేనా?"

"ఇది వీళ్ళే నాకు నేర్పారు," అంది అపర్ణ.

"నా ఇంట్లో గొడవకీ నా చేనుకీ ఏంది సంబంధం?" అని అతను శేషారత్నం వైపు తిరిగాడు.

"చేను నీదే అన్నా. కోసే చేతులు మాయి."

అతను గట్టు పక్క కొమ్మ నుంచి ఒక కాయ తెంపి చూశాడు. ఇంకొన్నాళ్ళు ఆగితే కాయ రంగు పోతుంది, ధర పలకదు. శేషారత్నం అందించిన కాగితంలో ఉన్నది కొంచెమే: ఇకపై భార్య మీద చెయ్యెత్తను, ఎత్తితే నా చేను కోతకు నోచుకోదని ఒప్పుకుంటున్నాను.

అతను సంతకం చేశాడు. ప్రేమకుమారి సాక్షిగా పేరు రాసింది. ఆడవాళ్ళు కొంగులు బిగించి చేలోకి దిగారు.

అపర్ణ ఆ కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, మడతపెట్టి, సంచిలో పెట్టుకుని అంకారావు ఇంటి వైపు నడిచింది.

అది అతని భార్య దగ్గరే ఉండాలన్నది ముఠా షరతు.