పసుపు కింద తెలుపు

అరవై ఒకటో సంవత్సరం. దసరా ఆయుధపూజ.

బాయిలర్‌కి హారతిచ్చి ఇటు తిరిగేసరికి, ఎవరో ముసలాయన దాని మీది పసుపును గోటితో గీకేస్తున్నాడు.

"ఏయ్! ఎవడ్రా నువ్వు?" ప్రత్తిపాడు జిన్నింగు మిల్లు మేనేజరు సీతారామాంజనేయులు ఒక్క అరుపు అరిచాడు.

ముసలాయన ఉలకలేదు. పసుపు కింద, ఇనుప రేకుల్ని కలిపి బిగించిన రివెట్ల చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది.

"ఇక్కడ నీళ్ళు కారేవా?"

"పోయిన నెలంతా కారాయి. వాటంతటవే ఆగిపోయాయి," అన్నాడు బాయిలర్‌కి నిప్పు రాజేసే ఫైర్‌మన్ ప్రేమదాసు.

"ఆగలేదు నాయనా. లోపల పెచ్చు కట్టకుండా నీళ్ళలో సోడా కలుపుతారుగా? అదే ఇక్కడ గడ్డకట్టి దారి మూసింది. బిగించిన ఇనుమును లోలోపల చీలుస్తోంది. పైకి కనపడదు. నిప్పు పెట్టొద్దు."

"పూజ పూట ఏం మాటలయ్యా అవి!" మేనేజరు మండిపడ్డాడు. "ఒరేయ్ ప్రేమదాసూ, నువ్వు రాజెయ్యి. ఒళ్ళు దగ్గర పెట్టుకో. పోయినేడు ఒంగోలు అవతల ఆ ఇమాం హుస్సేన్ తాగి పడుకుని, బాయిలర్ పేల్చి నలుగుర్ని పొట్టనబెట్టుకున్నాడు. గుర్తుందిగా?"

గుర్తులేకేం. ఆ ఫైర్‌మన్‌ని తిట్టని మిల్లు లేదు.

ముసలాయన తలవంచుకుని గేటు దాటాడు.

ప్రేమదాసు అగ్గిపుల్ల గీశాడు. ఆర్పేశాడు. మళ్ళీ గీశాడు. చెయ్యి ముందుకు పోలేదు. ఇంటి దగ్గర భార్య రెబ్కా నిండు నెలలతో ఉంది. బాయిలర్ ముందు నిలబడేది తను, మేనేజరు కాదు.

సుత్తి తీసి, ముసలాయన గీకిన చోట ఒక రివెట్ మీద మెల్లగా తట్టాడు.

దాని తల ఊడి కాళ్ళ దగ్గర పడింది.

పక్కది తట్టాడు. అదీ ఊడింది.

మేనేజరు గేటు వైపు చెయ్యి చూపించాడు. "ఆయన్ని పిలుచుకురా! పరిగెత్తరా!"

ప్రేమదాసు రోడ్డు మీదికి వెళ్ళేసరికి గుంటూరు బస్సు దుమ్ము మాత్రమే మిగిలింది.

"అంకమ్మక్కా! ఇక్కడో ముసలాయన..."

టీకొట్టు అంకమ్మ నిట్టూర్చింది. "ఇప్పుడే ఎక్కాడయ్యా. బాయిలర్ ఉన్న ప్రతి మిల్లుకీ వెళ్తాడంట. అందరూ తరిమేస్తారంట. తను పనిచేసిన మిల్లులో బాయిలర్ పేలి చచ్చిపోయిన వాళ్ళలో సొంత తమ్ముడూ ఉన్నాడని ఏడ్చాడు."

రివెట్ తల ఇంకా ప్రేమదాసు గుప్పిట్లోనే ఉంది.

"పేరేమన్నా చెప్పాడా?"

"ఇమాం హుస్సేన్ అన్నాడు."