గుంతలో మరక

భవితా, బతికిపోయాం బిడ్డా! మన ఇంటి పని ఆగిపోయింది!

మేడ్చల్‌లో మూతపడిన రంగుల ఫ్యాక్టరీ జాగాలో ప్లాటు కొన్నాం గదా. నిన్న మట్టి పరీక్ష సారు వచ్చాడు. పైపైన తవ్వి, బాగుందని సంతకం పెట్టబోతుండగా గుంతలో పచ్చటి మరక కనిపించింది.

"ఏందిది? రంగు మందా?" అన్నాడు.

మీ అమ్మ నాలుక కరుచుకుంది. "గది పసుపు సారూ! అంత మంచిగుండాలని పొద్దుగాల నేనే పోసి మొక్కిన."

"ఇగ నమ్మేదెట్లమ్మా?" అంటూ సారు నిలువు లోతు తవ్వించాడు. అడుగున నల్లటి బురద, ముక్కు పగిలే వాసన!

"ఇది విషం పెద్దాయనా. ఈడ బోరెయ్యొద్దు" అన్నాడు.

మనం బోరు వేద్దామనుకున్నది సరిగ్గా అక్కడే బిడ్డా! నీ పిల్లలు ఆ నీళ్లే తాగేవాళ్లు. మీ అమ్మకు వంద దండాలు!

మన పక్కన ప్లాట్లు కొన్నవాళ్లందరికీ చెప్పాలి. గౌడవెల్లి బాలనర్సమ్మ అత్తకు, బహదూర్‌పల్లి ఇస్తారి తాతకు నేను చెబుతా. అల్వాల్‌లో మీ వీధిలోనే ఉన్న బాలేష్ మామకు నువ్వు చెప్పు. జల్దీ పో బిడ్డా. మన పక్కనున్న తన ప్లాటులో అప్పుడే బోరు వేసి, నీళ్లు తియ్యగా ఉన్నాయని రోజూ డబ్బాతో ఇంటికి తెచ్చుకుంటున్నాడు.