దుప్పటి అడుగుపక్క

ప్రాంతీయ ఆరోగ్య మండలి కొత్త సభ్యుల తొలి సమావేశం. ఎవరి వృత్తి నేపథ్యం వారే చెప్పుకోవాలన్నారు అధ్యక్షులవారు. మాజీ జడ్జిగారు ఇరవై నిమిషాలు చెప్పారు. బ్యాంకు మేనేజరుగారు ఆయనకేం తీసిపోలేదు. సొంత గొప్ప చెప్పుకుంటూ గడియారం చూసుకునే మనిషిని నేనింతవరకూ చూళ్లేదు లెండి.

చివరికి ఉద్యోగుల తరఫున ఎన్నికైన పెద్దావిడ లేచింది.

"ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుతానండి. ముప్పై ఏళ్లుగా."

అధ్యక్షులు ఇబ్బందిగా నవ్వారు. "పరిచయ పుస్తకంలో 'సమాజ సేవ' అని వేద్దామమ్మా, బాగుంటుంది."

"ఉతకడానికి లేని సిగ్గు చెప్పడానికెందుకు బాబూ? ఉన్నదున్నట్టే వెయ్యండి."

తర్వాత తీర్మానం చదివారు. కాన్పుల వార్డులో సగం మంచాలు ఖాళీగా ఉంటున్నాయి కాబట్టి వార్డు మూసెయ్యాలట. ఒక్క చెయ్యి తప్ప అన్నీ లేచాయి.

"మీకేం తెలుసని అడ్డం పడుతున్నారమ్మా?" అన్నారు అధ్యక్షులు.

"మంచం మీద పరిచిన దుప్పటికి మరకలు పైనే ఉంటాయి బాబూ. ఆ వార్డు నుంచి వచ్చేవాటిలో సగానికి అడుగుపక్కన గచ్చు మట్టి ఉంటోంది. వెళ్లి చూశాను. మీరు ఖాళీ అని రాసుకున్న మంచాలన్నీ విరిగినవి. బాలింతలు పిల్లల్ని పక్కలో వేసుకుని నేల మీద పడుకుంటున్నారు. ఇప్పుడెత్తండి చేతులు."