చక్రం వెనకాల

"బాబూ, ఈ బండికి అద్దం పెట్టించరా?"

షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఎవరో అడిగారు.

ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకున్న వెల్డరు తల బయటికి పెట్టి చూశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన. ఎప్పుడూ చూసిన మొహం కాదు.

"ట్రాక్టరుకి అద్దమెందుకండీ, పెళ్లిచూపులకి వెళ్తుందా?"

పెద్దాయన నవ్వలేదు.

"మళ్లీ తీస్తున్నారని విన్నాను. వెనకాల ఏముందో తోలేవాడికి కనపడదు" అని, ఇంకో మాట లేకుండా వెళ్లిపోయాడు.

అది వెల్డరు నాన్న కొన్న ట్రాక్టరు. వెల్డరుకి ఊహ తెలిసేటప్పటికే షెడ్డులో మూలపడి ఉంది. నాన్న బతికున్నన్నాళ్లూ దాన్ని ముట్టుకోనివ్వలేదు. ఆయన పోయాక, వానలు పడేలోపు దాంతోనే పొలం దున్నాలని కొడుకు పట్టుబట్టాడు. తుప్పు గీకాడు. ఇంజను విప్పాడు. చిల్లులు పడ్డ రేకులకి అతుకులేశాడు.

తల్లి మాత్రం ఆ మాటెత్తితే గోడవైపు తిరిగి పడుకునేది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడ వీధి గది దాటి రాలేకపోతోంది.

పెద్దాయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఎప్పుడూ వెనక సందులోంచే.

"బ్రేకులు పడుతున్నాయా?"

"ఆఁ, పడుతున్నాయి."

"పాప ఏదీ?"

ఆ మాట వెల్డరు భార్య చెవిన పడింది.

"మన పిల్లతో ఆయనకేం పని?" అంది, మొగుడికి అన్నం పెడుతూ. "ఆయన ట్రాక్టర్ని చూడ్డంలేదు. పిల్లనే చూస్తున్నాడు. నేను కనిపెడుతూనే ఉన్నా."

"పొద్దుపోక వస్తున్నాడు, వదిలెయ్."

"పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు మొహాన రాసుకుని తిరుగుతారా?"

వెల్డరు చెయ్యి కడిగేసుకుని లేచాడు.

ఈసారి పెద్దాయన రాగానే మొహంమీదే అడిగేశాడు.

"ఇంతకీ మీరెవరండీ? ఎవరి తాలూకు?"



"ఎవరి తాలూకూ కాదు బాబూ."

ఆ రోజు నుంచి ఇల్లాలికి కుదురు లేదు. అడుగుల చప్పుడైతే పరుగున వచ్చేది. పాప గొంతు కాసేపు వినపడకపోతే ఇల్లంతా వెతికేది. అదేమో ఒక్కచోట నిలిచే రకం కాదు.

ఇంజను బిగించిన సాయంత్రం వెల్డరు సీటెక్కి తాళం తిప్పాడు. ట్రాక్టరు దగ్గింది. ఆగింది. మళ్లీ దగ్గి, నల్లటి పొగ కక్కుతూ అందుకుంది. షెడ్డు రేకులు దడదడలాడాయి.

"ఇదిగో, విన్నావా!" అని వంటింటివైపు కేకేసి, వెనక్కి తీద్దామని గేరు మీద చెయ్యి వేశాడు.

భార్య తడిచేతులతో బయటికొచ్చింది.

పెద్దాయన పాపని చంకనేసుకుని షెడ్డులోంచి పరిగెడుతున్నాడు.

"అయ్యో! పిల్లనెత్తుకుపోతున్నాడు!"

వెల్డరు ఒక్క దూకున కిందికి దిగాడు. పెద్దాయన ఏదో చెబుతున్నాడు. ఇంజను హోరులో ఒక్క ముక్కా వినపడలేదు. వెల్డరు పాపని లాక్కుని, ఆయన చొక్కా పట్టుకుని ఒక్క తోపు తోశాడు. ఆయన మట్టిలో పడ్డాడు.

"ఇంకోసారి ఇటు వచ్చావో, కాళ్లు విరగ్గొడతా!"

పెద్దాయన లేచాడు. చొక్కా కూడా దులుపుకోలేదు. పాపని తల నుంచి పాదాల దాకా ఓసారి చూసుకుని, ఇంటి పక్కగా వీధిలోకి నడిచి వెళ్లిపోయాడు.

భార్య పాపని ఒళ్లంతా తడుముతోంది.

"ఎక్కడున్నావే నువ్వు?"

"బొమ్మల దగ్గర."

"బొమ్మలెక్కడున్నాయి?"

పాప వేలెత్తి చూపించింది.

ట్రాక్టరు పెద్ద చక్రం వెనకాల, చక్రానికి ఆనుకుని, బుల్లి గిన్నెలూ పొయ్యీ పరిచి ఉన్నాయి. గిన్నెలో ఇసుక అన్నం. పక్కన దుప్పటి కప్పుకుని బొమ్మ నిద్రపోతోంది.



వెల్డరు ఇంజను ఆపి వీధిలోకి పరిగెత్తాడు. అటూ ఇటూ చూశాడు. బస్టాపు దాకా వెళ్లాడు. బస్సు అప్పుడే వెళ్లిపోయిందన్నారు.

తిరిగొచ్చేసరికి తల్లి వీధి గదిలో కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇందాక ఇటు వెళ్లినాయన మనింటికెందుకొచ్చాడురా?"

"నీకు తెలుసా అమ్మా? ఎవరాయన?"



"అప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు. పాత ఊళ్లో, మీ నాన్న ఈ బండే వెనక్కి తీస్తుంటే చక్రం కింద పడి ఒక పసివాడు చనిపోయాడు. ఆ పసివాడి తండ్రిరా ఆయన."