ఎదురు కుర్చీ

పెద్దాయన సంచిలో చెయ్యి పెట్టి బొత్తాం తీశాడు. అంచు విరిగిన పచ్చ బొత్తాం. దాని జత దర్జీ అక్క గుప్పిట్లో ఉంది. ఆమె లేచి నిలబడింది.

అదేదో అదృష్టం కొద్దీ కుదిరిన జత కాదు. లైబ్రరీ మేడ మీద జరిగే ఈ మాటామంతీ సభకి బొత్తాలు ఇచ్చేది ఆమే, సంచి పట్టుకుని వరసల్లో తిరిగేది ఆమే. ఒకే రకం బొత్తాం వచ్చిన ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాలి. ఇవాళ పెద్దాయన దగ్గరికి కావాలనే ఆఖర్న వెళ్లింది. అప్పటికి సంచిలో మిగిలింది ఆ ఒక్క బొత్తామే.

లైబ్రేరియన్ కంగారుగా దగ్గరికి వచ్చాడు. "అక్కా, నువ్వు కూర్చుంటావా?"

ఆమె తలూపింది.

"చెప్పే కుర్చీలోనా?"

మళ్లీ తలూపింది.

"కూర్చోనివ్వవయ్యా. ఇలాంటివాళ్ల కష్టసుఖాలు వినడానికేగా ఇంత దూరం వచ్చింది!" అన్నాడు పెద్దాయన, ఫొటో తీసేవాడి వైపు తిరిగి. కొత్త కుర్చీలన్నీ ఆయన కొనిచ్చినవే. అందుకే ఇవాళ ముఖ్య అతిథి.

ఇక్కడి పద్ధతి చాలా తేలిక. ఒకరు తమ గోడు ఎదుటివాళ్లకే వినపడేలా చెప్పుకుంటారు. ఎదుటి మనిషి విని, గంట మోగాక అది తన గోడే అన్నట్టు "నేను, నేను" అంటూ సభకి చెప్పాలి. బల్ల మీద కాగితం, కలం, ఫోను ఉండకూడదు. మధ్యలో ఎవరూ అడ్డు తగలకూడదు. ఇందాకే ఒక ఇంటి యజమాని తన ఇంట్లో అద్దెకున్నావిడ బాధ చెప్పాడు. "మా ఇంటాయన కుళాయి కట్టేస్తే నేను బిందె పట్టుకుని వీధిలో నిలబడ్డాను" అన్నాడో లేదో, మంచినీళ్లు అడిగాడు. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు గానీ కళ్లు తుడుచుకున్నాడు.

దర్జీ అక్కకి నవ్వు రాలేదు. ఆమె ఎదురుచూస్తున్నది వేరు.

పెద్దాయనకి ఒకప్పుడు కుట్టుపని షెడ్డు ఉండేది. అది తగలబడిన రోజు తలుపుకి బయట తాళం వేసి ఉంది. లోపలివాళ్లు లోపలే మాడిపోయారు. కాపలా ఉన్న ఆమె తమ్ముడు తలుపు బద్దలుకొట్టబోయి, పొగకి ఆ గడపలోనే కూలిపోయాడు. తాళంచెవి వాడి జేబులో దొరికింది. తాళం వేసి తాగి పడుకున్నాడని పెద్దాయన చెప్పాడు. విచారణకి వచ్చినవాళ్లు అదే రాసుకుపోయారు. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా! పెద్దాయన పరామర్శకి కూడా ఆమె గడప తొక్కలేదు. ఆ షెడ్డులో కూతుర్ని పోగొట్టుకున్న ముసలమ్మ అదే పేటలో ఉంటుంది. ఇదే సభకి వస్తుంది. ఇప్పటికీ దర్జీ అక్క మొహం చూడదు.

తమ్ముడి పేరు కడగాలి. కడిగిన మురికినీళ్లు ఆ మనిషి నెత్తినే పొయ్యాలి. ఆమె బతుకుతున్నది అందుకే.

ఇద్దరూ కూర్చున్నారు. ఆమె చేతిసంచిలోంచి మసిబారిన తాళంకప్ప తీసి బల్ల మీద పెట్టింది.

పెద్దాయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "నువ్వు... ఆ కాపలావాడి అక్కవా?" గొంతు తగ్గించి అడిగాడు.

ఆమె రెప్ప వేయకుండా చూసింది.

"ఏం కావాలి? డబ్బా?"

అదే చూపు.

"ఇక్కడ నా మీద ఏమన్నా కూశావంటే పేటలో బతకనివ్వను. అంత పొగరేంటే నీకు?"

ఆమె తాళంకప్పని వేలితో ఆయన ముందుకి జరిపింది. కాసేపు దానివంకే చూసిన పెద్దాయన మొహంలోకి మెల్లగా నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఆమెకి తెలుసు. విచారణ రోజున తమ్ముడి మీద నెట్టేసి బయటికి వస్తూ నవ్విన నవ్వే అది. దాని కోసమే ఇన్నాళ్లూ కాచుకుని ఉంది.

గంట మోగింది. పెద్దాయన మైకు అందుకున్నాడు.

"ఈ తల్లి చెప్పింది విని నా గుండె చెరువైపోయింది. పద్ధతి ప్రకారం 'నేను' అనే చెబుతాను." ఆగి, కళ్లు ఒత్తుకున్నాడు. "నేను ఆ షెడ్డులోనే కుట్టుపని చేశాను. గుడ్డలు పోతున్నాయని అనుమానమొచ్చి ఆ రోజు బయటినుంచి తాళం వేశాను. వేసింది నేనే, నా తమ్ముడు కాదు. పొగ చూశాను. తీస్తే సంగతి బయటపడుతుందని తియ్యలేదు. వాడు తలుపు దగ్గర పడిపోయాక, తాళంచెవి వాడి జేబులో వేశాను. ఎడమ జేబు. దానికి బొత్తాం కూడా లేదు."

దర్జీ అక్క గుప్పిట బిగిసింది. ఆ జేబుకి బొత్తాం కుట్టాలని రోజూ అనుకుని రోజూ మర్చిపోయింది ఆమే. పచ్చ చొక్కా అది. అంచు విరిగిన ఈ రెండూ దాని బొత్తాలే.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దాయన తిరిగొచ్చి ఎదురు కుర్చీలో కూర్చుని, ఆమె వైపు వంగాడు.

"తాళం వేసింది నువ్వేనని నీ నోటితోనే ఒప్పుకున్నట్టయింది. ఇక నువ్వెంత మొత్తుకున్నా నమ్మేవాడు లేడు," అన్నాడు మెల్లగా.

ముసలమ్మ లేచింది. నడిచొచ్చి, ఇన్నేళ్లలో మొదటిసారి దర్జీ అక్క భుజం మీద చెయ్యి వేసింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే లేస్తున్నారు. అందరి చూపూ పెద్దాయన మీదే ఉంది.

ఆయనకి తప్ప ఆ హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు, దర్జీ అక్క పుట్టుమూగ అని.